బడి కబురు ఇంటికి చేరిన దారి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను 1972లో సర్వీసులో చేరి 2008లో రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో గుమస్తాగిరీ. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల ఇళ్లకు బడి తరఫున కబుర్లు పంపే పని అక్కడ ఎక్కువగా నా నెత్తినే పడేది. ఆ కబుర్లు ఒక్కో కాలంలో ఒక్కో దారిన ఎలా పోయేవో, నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అది ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

వెనకటి వీధిబడులకు ఈ బాధ లేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో 533 బడులు చూపించాడు. ఈనాటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది గనుక అందులో తెలుగు బడులూ ఉన్నాయి. పంతులుగారికి జీతం పిల్లల తల్లిదండ్రులే ఇచ్చేవారు. జీతమిచ్చేవాడి వీధి అరుగు మీదే బడి. పిల్లవాడు ఏం చదువుతున్నాడో ఇంట్లో వాళ్లకు చెవిన పడుతూనే ఉండేది, వద్దన్నా పడేది.

దానికి తోడు దసరా. పిల్లలకు కొత్త బట్టలు తొడిగి, చేతికి రంగుకాగితాల విల్లంబులిచ్చి, పంతులుగారు ఇంటింటికీ తిప్పి పద్యాలు చదివించేవారు. పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుగారికి మామూలు. చూసేవారికి అది పండగ వేడుక. ఇంటి యజమానికి మాత్రం ఏడాదికోసారి చూసుకునే లెక్క. ఎవరి గొంతు పలుకుతోందో, ఎవడు పద్యం మధ్యలో మింగేస్తున్నాడో గడపలో నిలబడిన నాయనమ్మకు కూడా తెలిసిపోయేది. మా తండ్రిగారి కాలానికి అది పల్లెల్లో ఇంకా ఉంది. నా చిన్నతనంలో ఒకటి రెండుసార్లు చూశాను.

తరువాత 1854 నాటి ఉడ్ తాఖీదుతో గ్రాంట్లు వచ్చాయి, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. పరీక్ష ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి కూడా కొంతకాలం నడిచింది. అప్పటినుంచి పంతులు లెక్క చెప్పవలసింది అరుగు మీది యజమానికి కాదు, గుర్రం మీద వచ్చే దొరకు. రిజిష్టర్లు పెరిగాయి. ఆ రిజిష్టర్లతోనే నా బతుకు గడిచింది గనుక వాటిని తిట్టలేను. కానీ వాటిలో రాసినవన్నీ పైకి పోయేవే, ఇంటివైపు పోయేవి కావు.

మా తరం మిడిల్ స్కూలు చదువుకు వచ్చేసరికి ఫస్టు ఫారం, సెకండ్ ఫారం, థర్డ్ ఫారం అనే మాటలు పెద్దల నోట మాత్రమే మిగిలాయి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చి జిల్లా బోర్డు హైస్కూళ్లు పరిషత్తు కిందికి మారాయి. అయినా మా ఊళ్లో చాలా ఏళ్లు ‘బోర్డు స్కూలు’ అనే అన్నారు. నేను 1961లో ఆరో తరగతిలో చేరాను. మూడునెలల పరీక్షకు, అరసంవత్సర పరీక్షకు, సంవత్సర పరీక్షకు ప్రోగ్రెసు కార్డు ఇచ్చేవారు. తండ్రి సంతకం చేయించి తేవాలి. నిశానీలు వేసే తండ్రులు ఎక్కువ గనుక కొందరు మిత్రులు బడి వెనక సిరాబుడ్డి దగ్గర తమ బొటనవేలే వేసి తెచ్చేవారు. మా హెడ్మాస్టరు గారు ఆ ముద్రలు చూసి, “మీ నాయన వేలు ఈ టరముకు బాగా చిక్కిపోయిందిరా” అనేవారు. సంతకాలు ఫోర్జరీ చేసినవాళ్లలో ఒకడు తరువాత ట్రెజరీలో పనిచేశాడు. పేరు రాయను, సంఘం సభ్యుడే.

ఇక నా ఉద్యోగం సంగతి.

1981లో నేను మార్కాపురం ప్రాంతంలో ఒక పరిషత్తు హైస్కూల్లో ఉన్నాను. అది 1970 దాకా కర్నూలు జిల్లా, ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. పలకల రాయికి పేరు పడ్డ ప్రాంతం. దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు అక్కడివే. ఆ పలకల గనుల్లో రాయి తీసే వాళ్ల పిల్లలు మా బడికి వచ్చేవారు. వానలు లేని ఏడు కుటుంబాలు పనికోసం ఊళ్లు విడిచిపోయేవి. పిల్లలు హాజరుపట్టీలో ఉంటారు, బెంచీ మీద ఉండరు.

వరసగా చాలా రోజులు రాని పిల్లవాడి తండ్రికి కార్డు రాయాలి. జవాబు రాకపోతే పేరు కొట్టేయాలి. కార్డు అంటే పదిహేను పైసల పోస్టుకార్డు. 1879లో పావణాకు మొదలైన ఆ కార్డుకంటే చౌకగా కబురు పంపే సాధనం అప్పుడు మరొకటి లేదు. నేను రాసే మాటలన్నీ మాకు పైనుంచి వచ్చే తాఖీదుల్లోని మాటలే. ‘తమ కుమార్తె ఫలానా తేదీ నుండి ఎట్టి సమాచారము లేకుండా పాఠశాలకు గైర్హాజరు అగుచున్నది. ఇందుకు తగు సంజాయిషీ వారం దినములలో ఇచ్చుకొనవలెను.’ కింద హెడ్మాస్టరు గారి రబ్బరు ముద్ర. ఒక పూటలో ఇరవై కార్డులు రాసేవాణ్ణి. చేతిరాత బాగుంటుందని మెచ్చుకునేవారు కూడా.

ఆ ఏడు ఎనిమిదో తరగతిలో రెండు సెక్షన్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల అమ్మాయిలు ఇద్దరున్నారు. ‘బి’ సెక్షను అమ్మాయి మూడు వారాలుగా రావడం లేదు. క్లాసు టీచరు చీటీ పంపారు. నేను అడ్మిషను రిజిష్టరు తీసి, పేరు చూసి, ఎదురుగా ఉన్న తండ్రి పేరు, ఊరు కార్డు మీద ఎక్కించాను. అడ్మిషను నంబరు సరిచూడలేదు. అది ‘ఎ’ సెక్షను అమ్మాయి తండ్రి చిరునామా. ఆ అమ్మాయి ఒక్కరోజు మానకుండా నాలుగు మైళ్లు నడిచి వచ్చే పిల్ల.

పోస్టుకార్డుకు కవరు లేదు. చదువురాని ఇంటికి కార్డు వస్తే పోస్టుమాను చదివి చెప్పడం ఆనవాయితీ. ఆ తండ్రి గనిలో పని ముగించుకుని టీకొట్టు దగ్గర ఉన్నాడు. పోస్టుమాను అక్కడే నలుగురిలో చదివాడు. అతని తప్పేమీ లేదు, ఉపకారమే చేస్తున్నాననుకున్నాడు. ‘సమాచారము లేకుండా గైర్హాజరు’ అంటే ఏమిటని ఎవరో అడిగారు. బడికి పోతున్నానని ఇంట్లో చెప్పి, బడికి పోవడం లేదని దాని అర్థం. పద్నాలుగేళ్ల ఆడపిల్ల. ఆ తరువాత టీకొట్టులో ఏం మాటలు పుట్టి ఉంటాయో పాఠకులకు నేను చెప్పనక్కర లేదు.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి రాలేదు. నాలుగు రోజులయ్యాక ఆ ఊరి పిల్లలు చెబితే మాకు సంగతి తెలిసింది. రిజిష్టరు మళ్లీ తీశాను. చేతులు చల్లబడ్డాయి. హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, “సైకిలు తియ్యవయ్యా” అన్నారు. ఇద్దరం వెళ్లాం. ఆయన మంచం మీద కూర్చుని, పిల్ల ఒక్కరోజు కూడా మానలేదనీ, పొరపాటు మాదనీ నిదానంగా చెప్పారు. ఆ తండ్రి అంతా విన్నాడు. కోపం లేకుండా ఒకే మాట అన్నాడు: “కార్డు నలుగురిలో చదివినారు సార్. తప్పని నాకొక్కనికి చెబితే ఏం లాభం?”

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడి హాజరుపట్టీ తెరిచి జూన్ నుంచి ఆ అమ్మాయి హాజరు నెలనెలా చదివి వినిపించాను. తప్పు కార్డు రాసింది నేనేనని చెప్పాను. విన్నవాళ్లు కొందరు విన్నారు, కొందరు టీ తాగి వెళ్లిపోయారు. మొదటి కార్డు విన్నంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

మూడు వారాలకు అమ్మాయి మళ్లీ వచ్చింది. ఒకరోజు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, “సార్, ఈసారి మా నాయనకు ఏమన్నా రాయాలంటే నాకియ్యండి. నేనే చదివి చెబుతా” అంది. ఎనిమిది పాసయింది. తొమ్మిదిలో చేరలేదు, ఆ వేసవిలో పెళ్లి చేశారని తెలిసింది. ఆ ఊళ్లో అప్పటికి చాలామంది ఆడపిల్లల చదువు అక్కడితోనే ఆగేది. నా కార్డు లేకపోయినా ఆగేదేమో. ఆగకపోయేదేమో కూడా.

‘బి’ సెక్షను అమ్మాయి ఇంటికి అసలు చేరవలసిన కార్డు, ఈ గొడవంతా సర్దుకున్నాక గాని నేను రాయలేదు. ‘ఇంటికి తాళం, ఊరిలో లేరు’ అని రాసి తిరిగి వచ్చింది. నిబంధన ప్రకారం ఆ పేరు ఎర్రసిరాతో కొట్టేసింది కూడా నేనే.

ఆ తరువాత మా బడిలో రెండు పద్ధతులు మార్చాం. కార్డు మీద అడ్మిషను నంబరు లేకుండా హెడ్మాస్టరు గారు సంతకం పెట్టేవారు కారు. ఆడపిల్లల ఇళ్లకు కార్డు మానేసి ఇన్‌లాండు కవరు. ఆ ఏడు ఆడిట్‌కు వచ్చిన వారు, కార్డుతో పోయే పనికి ఇన్‌లాండు ఎందుకు వాడారని అభ్యంతరం రాశారు. ఏం సమాధానం రాయాలో తోచక ఆ కొద్ది రూపాయలూ నేనే కట్టేశాను. రసీదు చాలాకాలం దాచుకున్నాను.

అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం సంత. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లందరూ వారానికోసారి సంతకు వస్తారు గదా. హెడ్మాస్టరు గారు సంతరోజు సాయంత్రం వేపచెట్టు కింద కుర్చీ వేయించేవారు. నేను పక్కన రిజిష్టర్లతో. స్కాలర్‌షిప్పు ఫారాలు ఎప్పుడు నింపాలి, ఏడో తరగతి కామన్ పరీక్ష ఎప్పుడు, ఎవడు లెక్కల్లో వెనకబడ్డాడు, ఎవరికి కంటిచూపు సరిగా లేదు, అన్నీ అక్కడే. ఒక్కొక్కరితో చెవిలో చెప్పినట్టు చెప్పేవారు. తల్లులు కూరగాయల బుట్ట దించి నిలబడి వినేవారు. బడి గడప తొక్కడానికి జంకే ఆడవాళ్లు సంతలో జంకేవారు కారు. ఆ సంగతి ఏ రిజిష్టరులోనూ లేదు.

ఊరంతటికీ చెప్పవలసిన మాటయితే దండోరా ఉండేది. 1984లో కరణం మునసబుల వ్యవస్థ రద్దయ్యాక మా వైపు బడి కోసం దండోరా వేయించడం కష్టమైంది. ఎవరిని అడగాలో తెలియలేదు.

1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో ఏడేళ్లు పైబడిన వారిలో అక్షరాస్యులు నూటికి 44 మంది, స్త్రీలలో 33 మంది కూడా లేరు. అంటే అప్పటికి కూడా మనం రాసిన కాగితం ముగ్గురు తల్లులలో ఇద్దరికి చదవరాదు. 1998లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి చట్టం వచ్చి విద్యా కమిటీలు ఏర్పడ్డాయి. వాటి మినిట్సు నేను చాలా రాశాను. కొన్నిచోట్ల సంతకాలు ముందు, సమావేశం తరువాత. కానీ 2003లో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక తల్లులు నిజంగానే రావడం మొదలుపెట్టారు. అన్నం ఉడికిందా లేదా అన్నది ఏ మినిట్సు చదవకుండానే తెలుస్తుంది. నేను రిటైరయ్యాక, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టంలో, యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యులలో సగం మంది స్త్రీలుండాలనీ పెట్టారు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం జరిపారు. టీవీలో చూశాను. రంగవల్లులు వేశారు.

ఇప్పుడు మా మనవరాలు ఏడో తరగతి. వాళ్ల బడి వాళ్లు తల్లిదండ్రులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. హోంవర్కు, సెలవులు, ఆటల పోటీల ఫోటోలు అన్నీ నిమిషంలో వస్తాయి. నాకు ఎంతో ముచ్చటేసింది. పోయిన నెలలో ఒకనాడు రాత్రి మా కోడలు ఫోను నా చేతికిచ్చి, “మామయ్యగారూ, ఇది చూడండి” అంది. ఫీజు కట్టనివారి పేర్లు, లెక్కల్లో తప్పినవారి పేర్లు, తండ్రుల పేర్లతో సహా జాబితా. అరవై ఇళ్లకు ఒకేసారి. మా పిల్ల పేరు అందులో లేదు. కింద ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు.

మర్నాడు ఆటోలో బడికి వెళ్లాను. క్లాసు టీచరమ్మ చిన్నది, మర్యాదగా కుర్చీ వేసింది. ఆవిడకు ఆ టీకొట్టు సంగతి చెప్పాను. ఇలాంటివి ఎవరి ఇంటికి వాళ్లకే విడిగా పంపమ్మా అన్నాను. “అరవై మందికి విడివిడిగా పంపాలంటే చాలా టైము పడుతుంది తాతగారూ” అంది. పడుతుందమ్మా, ఒక పూటలో నేను ఇరవై కార్డులు రాసేవాణ్ణి అన్నాను. ఆవిడ నవ్వింది. సాయంత్రానికి గ్రూపులో ఆ జాబితా లేదు. రాత్రి తొమ్మిది దాటాక మా కోడలి ఫోనుకు విడిగా ఒక కబురు వచ్చింది. మా మనవరాలు సైన్సు నోట్సు ఇంకా పూర్తి చేయలేదట.