మత్తూ సమ్మతీ

రైల్వే స్టేషన్‌లో బండి కోసం ఎదురుచూసిన ప్రతివాళ్లకూ ఆ మాట చెవిన పడే ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఏం పెట్టినా తినొద్దు, ఏం ఇచ్చినా తాగొద్దు. బిస్కెట్ తిని కునుకు తీసినవాడు లేచేసరికి పెట్టె ఉండదు. ఈ హెచ్చరిక మన దేశంలో రైలుకంటే పాతది. బాటసారుల అన్నంలో ఉమ్మెత్త గింజల పొడి కలిపి, వాళ్లు మతి తప్పి తిరుగుతుంటే మూటలు కాజేసే ముఠాలు 19వ శతాబ్దంలో ఉత్తరాది దారుల వెంట ఉండేవి. 1856లో వచ్చిన నార్మన్ చీవర్స్ వైద్య న్యాయశాస్త్ర గ్రంథం ఈ ఉమ్మెత్త కేసులకు చాలా చోటిచ్చింది. నాలుగేళ్ల తర్వాత 1860లో భారత శిక్షాస్మృతి వచ్చింది. నేరం చేసే ఉద్దేశంతో ఎవరికైనా విషంగానీ మత్తుమందుగానీ పెడితే పదేళ్ల వరకూ జైలు అని అందులో 328వ సెక్షన్ చెప్పింది. ఆ సెక్షన్ ఏ నేరానికైనా వర్తిస్తుంది. కానీ రాసినవాళ్ల కళ్లముందు మెదిలింది బాటసారి మూటేనని నా అనుమానం.

ఈ అనుమానానికి కారణం ఉంది. మత్తువల్ల తాను దేనికి ఒప్పుకుంటున్నదీ తెలియని మనిషి సమ్మతి అసలు సమ్మతే కాదని అదే శిక్షాస్మృతిలోని 90వ సెక్షన్ అందులోని ఏ నేరానికైనా పనికొచ్చేలా చెప్పింది. అత్యాచారాన్ని నిర్వచించిన 375లో మాత్రం మత్తు అన్న ముక్క లేదు. అది అక్కడ చేరడానికి 123 ఏళ్లు పట్టింది.

పూర్వులకు ఈ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. మనుస్మృతి ఎనిమిది రకాల వివాహాలను లెక్కపెట్టి, నిద్రలోనో మత్తులోనో తెలివి తప్పో ఉన్న స్త్రీని చాటుగా పొందడాన్ని ఎనిమిదోదిగా చెప్పింది. పేరు పైశాచం. అన్నింటిలోకీ పాపిష్ఠిది, అధమమైనది అని ఈసడించుకుంది కూడా. స్పృహలో లేని స్థితిని గుర్తించారు, చేసినవాడిని పిశాచంతో పోల్చారు, చివరికి ఆ పనిని మాత్రం వివాహాల పట్టికలో వేశారు. పుట్టబోయే బిడ్డకో, చెడిపోయిందనిపించుకోబోయే ఆడపిల్లకో ఒక దారి చూపడానికే అలా చేశారని సమర్థించేవాళ్లున్నారు. కావచ్చు. కానీ దారి చూపింది ఆమెను పాడుచేసినవాడి ఇంటికే గదా. ఈ పెళ్లి సంగతి చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంగ్లండులో ఈ ప్రశ్న 1845లో కోర్టుకెక్కింది. ఒకడు ఒక చిన్నపిల్లకు సారా తాగించి, ఆమె స్పృహ తప్పాక అత్యాచారం చేశాడు. ఆమె పెనుగులాడలేదు కాబట్టి బలప్రయోగం లేదన్నది వాదన. మెలకువలో ఉండగా ఒప్పుకోలేదు, తెలివి తప్పాక ఒప్పుకునే శక్తే లేదు, కాబట్టి ఇది అత్యాచారమేనని న్యాయమూర్తుల్లో ఎక్కువమంది తేల్చారు. 1885లో పత్రికా సంపాదకుడు డబ్ల్యూ.టి. స్టెడ్ లండన్‌లో బాలికల అమ్మకం గురించి రాసిన కథనాలు దేశాన్ని కుదిపేశాక, మత్తుమందు పెట్టి స్త్రీని లొంగదీసుకోవడాన్ని ప్రత్యేక నేరంగా చట్టంలో రాశారు. మన 375లో మాత్రం అప్పుడూ మత్తు ముక్కను ఎవరూ చేర్చలేదు.

రసాయన శాస్త్రం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. జర్మనీలో లీబిగ్ 1832లో తయారుచేసిన క్లోరల్ హైడ్రేట్‌ను 1869 నుంచి నిద్రమందుగా వాడసాగారు. 1903లో చికాగోలో మూతపడిన ఒక సారా దుకాణం యజమాని మికీ ఫిన్, తాగేవాళ్ల గ్లాసులో మందు కలిపి జేబులు కొట్టేవాడట. ఇలా కల్తీ చేసిన గ్లాసుకు ఇంగ్లిషులో ఇప్పటికీ అతని పేరే. ఇక్కడా మళ్లీ జేబు సంగతే. ఆ క్లోరల్ హైడ్రేట్ మనకేమీ దూరపు సరుకు కాదు. తెలంగాణలో కల్తీ కల్లు కేసు బయటపడినప్పుడల్లా పేపర్లో కనిపించే ‘సీహెచ్’ అదే. పక్కనే ఆల్ప్రాజోలం, డైజోఫాం. నిద్రమాత్రల పొడి ఎంత తేలిగ్గా దొరుకుతుందో చెప్పడానికి విదేశీ క్లబ్బుల దాకా పోనక్కర్లేదు.

చట్టంలో మార్పుకు కదలిక మొదలైంది పోలీస్ స్టేషన్లలో జరిగిన ఘోరాల నుంచి. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని కర్ఫ్యూలోకి నెట్టాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించింది. మహారాష్ట్రలో 1972లో ఒక ఆదివాసీ బాలికపై స్టేషన్‌లోనే జరిగిన అత్యాచారం కేసులో, ఒంటిమీద గాయాల్లేవు, కేకలు పెట్టలేదు అన్న కారణాలతో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దాన్ని తప్పుపడుతూ 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది దాని సారం. మహిళా సంఘాలు ఊరూరా ఆ వాదనను అందుకున్నాయి.

ఆ రెండు కేసుల్లోనూ మత్తుమందు ప్రస్తావన లేదు. అయినా మత్తు ప్రశ్నను తెరిచింది అవే. గాయమూ కేకా ఉంటేనే అత్యాచారమైతే, స్పృహ లేని మనిషికి చట్టంలో చోటే ఉండదు. ఆమె ఒంటిమీద గీత పడదు, నోరు పెగలదు. 1983 సవరణ 375లో అయిదో సందర్భాన్ని చేర్చింది. మతిస్థిమితం లేకనో, మత్తువల్లనో, నిందితుడు స్వయంగాగానీ ఇంకొకరి చేతగానీ ఇచ్చిన మత్తు పదార్థంవల్లనో తానేం ఒప్పుకుంటున్నదీ గ్రహించలేని స్థితిలో స్త్రీ చెప్పిన ‘సరే’ చెల్లదని అందులో ఉంది. ఇక్కడ ఒక్కసారి ఆగి చదవాలి. ‘మత్తువల్ల’ అన్నది విడిగా ఉంది, ‘నిందితుడు ఇచ్చిన’ అన్నది విడిగా ఉంది. అంటే ఆమె తనంతట తాను తాగినా చట్టానికి ఒకటే. ‘అసలెందుకు తాగింది’ అని మన అరుగుల మీద ఇప్పటికీ వినిపించే ప్రశ్నకు చట్టం 40 ఏళ్ల కిందటే జవాబిచ్చింది. 2013లో జస్టిస్ వర్మ కమిటీ తర్వాత వచ్చిన సవరణ, సమ్మతి అంటే మాటతోనో సైగతోనో స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలపడమేనని నిర్వచించింది. ప్రతిఘటించకపోతే ఒప్పుకున్నట్టు కాదని కూడా రాసింది.

అమెరికాలో ఈ సంగతి 1990లలో పెద్ద అలజడై లేచింది. రోష్ కంపెనీ నిద్రమాత్ర రోహిప్నాల్‌కు అక్కడ అసలు అనుమతే లేదు, దొంగతనంగా వచ్చేది. 1996లో, తెలియకుండా మందిచ్చి అత్యాచారం వంటి నేరానికి పాల్పడితే 20 ఏళ్ల దాకా శిక్ష పడేలా చట్టం తెచ్చారు. కంపెనీ కూడా మాత్ర మెల్లగా కరిగేలా, పానీయం నీలిరంగుకు తిరిగేలా మార్చింది. కండలు పెంచుకునేవాళ్ల కోసం దుకాణాల్లో అమ్మిన జీహెచ్‌బీ అనే ద్రవాన్ని, ఇద్దరు టీనేజి అమ్మాయిల మరణం తర్వాత 2000లో నిషిద్ధ మాదకద్రవ్యాల జాబితాలోకి నెట్టి, ఆ చట్టానికి వాళ్ల పేర్లే పెట్టారు. కాలేజీల గోడలమీద ఒకటే మాట: నీ గ్లాసు నువ్వు చూసుకో. 2014లో అక్కడి విద్యార్థులు కొందరు, మందు తగిలితే రంగు మారే గోళ్లరంగు తయారుచేస్తామని ముందుకొచ్చారు. నేరం చేసేవాడిని వదిలి ఆడపిల్ల గోళ్లకు కాపలా పనిపెట్టడమేమిటని మహిళా ఉద్యమకారులే అభ్యంతరం చెప్పారు. నా ఓటు వాళ్లకే.

గ్లాసు భయం అబద్ధం కాదు, సగం నిజం. 2000 నుంచి 2002 వరకూ బ్రిటన్‌లో ఇలాంటి ఫిర్యాదులు 1,014 తీసుకుని రక్తం, మూత్రం నమూనాలు పరీక్షిస్తే, 46 శాతం కేసుల్లో మద్యం కనిపించింది. ఎవరో కావాలని మత్తుమందు కలిపారనడానికి ఆధారం దొరికింది 21 కేసుల్లో, అంటే 2 శాతం. ఆలస్యంగా ఇచ్చిన నమూనాల్లో మందు కరిగిపోయి ఉండొచ్చు, అది వేరే సంగతి. కానీ అత్యాచారానికి ఎక్కువగా తోడ్పడిన పదార్థం దుకాణంలో బహిరంగంగా దొరికేదే. ఎవరూ ఎవరికీ తెలియకుండా కలపనక్కర్లేదు. ‘ఇంకొక్క పెగ్గు’ అని బలవంతపెడితే చాలు. నివారణ పద్ధతులు కూడా మెల్లగా ఆ వైపు తిరిగాయి. 2016లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో మొదలైన ఏర్పాటు ఒకటుంది. ఇబ్బందిలో ఉన్నవాళ్లు బార్ సిబ్బందిని ‘ఏంజెలా ఉందా’ అని అడిగితే, వాళ్లు గప్‌చుప్‌గా క్షేమంగా ఇంటికి పంపిస్తారు. కాపలా పని అమ్మాయి గోళ్ల నుంచి చుట్టూ ఉన్న మనుషుల మీదికి మారింది.

మన జిల్లా పేజీల్లో ‘కూల్‌డ్రింక్‌లో మత్తుమందు కలిపి’ అన్న వాక్యం అరిగిపోయింది. దాని తర్వాతి వాక్యాలు చూడండి: స్నేహితుడు, పక్కింటివాడు, ఉద్యోగమిప్పిస్తానన్న బంధువు, ఆపైన ఫోన్‌లో తీసిన వీడియోతో బెదిరింపు. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడేనని ఏటా ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. రైల్వే హెచ్చరిక ముక్కూ మొహం తెలియనివాళ్ల గురించి.

ఇలాంటి కేసుల్లో అన్నిటికంటే ముందు గెలిచేది గడియారం. జీహెచ్‌బీ రక్తంలో సుమారు ఎనిమిది గంటలు దాటితే దొరకదు, మూత్రంలో 12 గంటలు. నిద్రమాత్రల జాడ కొన్ని రోజులుంటుంది. బాధితురాలికేమో మొదటి రోజంతా అసలేం జరిగిందో గుర్తు చేసుకోవడానికే సరిపోతుంది. అందుకే 2014 నాటి కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు పోలీసు కేసు లేకపోయినా ఆసుపత్రి పరీక్ష చేయాలన్నాయి. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చేయాల్సిందే, పొమ్మంటే అది నేరం. అనుమానం వస్తే స్నానం చేయకుండా, వీలైతే తొలి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి ఉంచుకుని ఆసుపత్రికి వెళ్లాలి. 112కుగానీ 181కిగానీ ఫోన్ చేయొచ్చు.

ఇక పెళ్లి సంగతి. ఫ్రాన్స్‌లోని మజాన్ అనే ఊళ్లో ఒక భర్త దాదాపు పదేళ్లపాటు భార్య తిండిలో, పానీయంలో నిద్రమాత్రల పొడి కలిపి, స్పృహలేని ఆమెను పదులమంది మగవాళ్లకు అప్పగించాడు. మరుపు వస్తోందని ఆమె డాక్టర్ల చుట్టూ తిరిగింది. భర్తే తోడు వెళ్లాడు. ఆ మగవాళ్లలో నర్సు, లారీ డ్రైవరు, విలేకరి, ఫైర్‌మన్ ఉన్నారు. ఆ భార్య జిజెల్ పెలికో తన పేరు దాచుకోలేదు. సిగ్గుపడాల్సింది తాను కాదంటూ విచారణ తలుపులు తెరిపించింది. 2024 డిసెంబరు 19న భర్తతో కలిపి 51 మంది నిందితులకూ శిక్ష పడింది, భర్తకు 20 ఏళ్లు.

అదే మన దగ్గర జరిగితే? 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 328 ఇప్పుడు 123, పాత 375 ఇప్పుడు 63. ఆమెను పాడుచేసిన బయటి మగవాళ్లు అత్యాచార నేరస్తులవుతారు. మత్తుమందు పెట్టినందుకు, వాళ్లకు సహకరించినందుకు భర్తకూ శిక్ష పడుతుంది. కానీ స్పృహలేని భార్యతో అతను స్వయంగా చేసింది మాత్రం అత్యాచారం కాదు. భర్తకు చట్టమిచ్చే ఈ మినహాయింపుపై ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తులిద్దరు 2022 మే నెలలో చెరో తీర్పు ఇచ్చి, ప్రశ్నను సుప్రీంకోర్టుకు వదిలారు. ఈలోగా కొత్త చట్టం వచ్చింది. మత్తులో ఇచ్చిన సమ్మతి చెల్లదన్న అయిదో సందర్భమూ, 18 ఏళ్లు నిండిన భార్యకు ఇదేదీ వర్తించదన్న రెండో మినహాయింపూ అదే 63వ సెక్షన్‌లో పైనా కిందా ఉన్నాయి.