వెన్ చిత్రాల కథ: ఖాళీ గదినీ గీయాలి

ఖతార్‌లో మన పిల్లలు చాలామంది సీబీఎస్‌ఈ బడుల్లోనే చదువుతారు. అక్కడ సమితుల పాఠం పదకొండో తరగతిలో, ఇంగ్లిష్‌లో వస్తుంది. మన రాష్ట్రాల్లో 2014లో వచ్చిన పదో తరగతి గణితంలో మాత్రం రెండో అధ్యాయమే 'సమితులు'. సమ్మేళనం, ఛేదనం, భేదం అనే మాటలు అందులో ఉన్నాయి. ఆ మాటలు మన పిల్లలకు అందాలంటే బొమ్మే మంచి దారి. ఆ బొమ్మ ఎలా పుట్టిందో తెలిస్తే బోర్డు మీద ఎలా గీయాలో కూడా తెలుస్తుంది.

1761లో గణితవేత్త ఆయిలర్ ఒక జర్మన్ రాకుమారికి తర్కం నేర్పుతూ ఉత్తరాల్లో వృత్తాలు గీశారు. అన్నీ ఇందులోవే అయితే చిన్న వృత్తం పెద్దదాని లోపల, ఏవీ కాకపోతే రెండూ విడివిడిగా, కొన్ని మాత్రమే అయితే ఒకదాని మీద ఒకటి. చూడగానే అర్థమవుతుంది. చిక్కల్లా ఒక్కటే: గీయడానికి ముందే సంబంధం ఏమిటో తెలిసి ఉండాలి.

కేంబ్రిడ్జిలో తర్కం బోధించే జాన్ వెన్ 1880లో ఈ పద్ధతిని తిరగేశారు. ముందు వీలున్న గదులన్నీ గీయాలి, ఆ తరవాతే ఏది ఖాళీయో గుర్తు పెట్టాలి అన్నారు. రెండు సమితులకు బయటి చోటుతో కలిపి 4 గదులు, మూడింటికి 8. నాలుగింటికి 16 కావాలి, కానీ నాలుగు వృత్తాలు ఎలా గీసినా 14కి మించి రావు. అందుకే అక్కడ ఆయన దీర్ఘవృత్తాలు వాడారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. వెన్ వృత్తాల చుట్టూ పెట్టె గీయలేదు. బయటి చోటును కూడా పెట్టెలో బంధించినవారు, 'ఆలిస్' కథలు రాసిన లూయిస్ కారల్. నేటి పుస్తకాల్లో ఆ పెట్టే విశ్వసమితి. రెండోది, వెన్ గీతలతో నింపితే 'ఇది ఖాళీ' అని అర్థం. ఇప్పటి పుస్తకాల్లో రంగు వేస్తే 'జవాబు ఇదే' అని అర్థం. ఒకే గుర్తు, రెండు ఎదురు అర్థాలు! కాబట్టి రంగు దేనికో బొమ్మ పక్కనే రాయండి. ఒక బొమ్మలో ఒక ప్రశ్నే చూపండి.

తరగతిలో ఇలా చేయొచ్చు. పెట్టె అంటే ఈ వారం పిల్లలు విన్న మాటలు. ఒక వృత్తం తెలుగులో వాడేవి, ఇంకొకటి అరబ్బీలో వాడేవి. 'వాన' తెలుగు గదిలోకి, 'బైత్' (ఇల్లు) అరబ్బీ గదిలోకి వెళ్తాయి. కుర్చీ, తారీఖు, జవాబు, ఖాళీ? ఇవి అరబ్బీ నుంచి మనదాకా వచ్చిన మాటలు, కాస్త పలుకు మారినా రెండింటా ఉన్నాయి. మధ్య గదిలో రాయండి. పక్కింటి మలయాళీలు అనే 'మళ' (వాన) వృత్తాల బయట, పెట్టె లోపల ఉంటుంది.

ఇప్పుడు గదులను తెలుగులోనే అడగండి. 'రెండింటా ఉన్నవి' ఛేదనం. 'కనీసం ఒకదానిలో ఉన్నవి' సమ్మేళనం. 'తెలుగులో మాత్రమే ఉన్నవి' భేదం. 'తెలుగు కానివి' పూరకం. సమ్మేళనానికి ఉత్త 'లేదా' అని ఊరుకోకండి. "టీ తాగుతారా, కాఫీ తాగుతారా" అంటే మనకి ఏదో ఒకటే. సమ్మేళనంలో రెండూ ఉన్నవి కూడా చేరతాయి.

చిన్న పిల్లలకు 'తెలుగులో మాత్రమే' గదిలో మొదట్లో ఒక్క మాటా పడకపోవచ్చు. అప్పుడు ఆయిలర్ లాగా ఆ గదిని తీసేయకండి, వెన్ లాగా ఖాళీగానే ఉంచండి. అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడి వచ్చే వారం ఏ మాట తెచ్చి అక్కడ రాయాలో పిల్లలకి ఆ ఖాళీయే చెబుతుంది.