రానిచ్చి పోనివ్వని వ్యూహం

గ్రహాంతరవాసి కోటలోకి చొరబడ్డాడు. శక్తి గోళాన్ని ఎత్తుకున్నాడు. ఇలాంటి వీడియో గేముల్లో సాధారణంగా నష్టం అక్కడే ఖాయమైపోతుంది. ‘డిఫెన్స్ గ్రిడ్: ది అవేకెనింగ్’లో మాత్రం ఉత్కంఠ అప్పుడే మొదలవుతుంది. నేల మీద నడిచే దొంగ దాన్ని మోసుకుంటూ బయటపడాలి. ఈలోపు వాణ్ని కూలిస్తే గోళం గాలిలో తేలుతూ మెల్లగా తన చోటికి బయల్దేరుతుంది. మధ్యలో మరొకడు అందుకున్నాడా, మళ్లీ వేటే. అభిమన్యుడి కథ విని పెరిగినవాళ్లకు ఈ మర్మం ఇట్టే అందుతుంది. పద్మవ్యూహం బలమంతా తిరుగుదారిలోనే కదా!

అమెరికాలోని బెల్‌వ్యూ నగరానికి చెందిన హిడెన్ పాత్ ఎంటర్‌టైన్‌మెంట్ 2008 డిసెంబరులో ఈ ఆటను విడుదల చేసింది. బురుజులు కట్టి శత్రువును ఆపే ఇలాంటి ‘టవర్ డిఫెన్స్’ ఆటల మూలాలు ఇంకా పాతవి. 1980లో అటారీ వారి ‘మిసైల్ కమాండ్’ ఆరు నగరాలను మూడు క్షిపణి స్థావరాలతో కాపాడమంది. 1990 నాటి ‘ర్యాంపార్ట్’లో ఫిరంగులు నిలపాలి, కూలిన గోడలు మళ్లీ కట్టుకోవాలి.

ఈ తరహాకు నేటి రూపం ఇచ్చింది ఆటగాళ్లే. ‘స్టార్‌క్రాఫ్ట్’ (1998), ‘వార్‌క్రాఫ్ట్ 3’ (2002) ఆటలతో పాటు సొంతంగా రణరంగాలు గీసుకునే పనిముట్లూ అందాయి. అభిమానులు వాటితో బురుజులు కట్టి దండును నిలువరించే ఆటలు తయారుచేసి, ఉచితంగా పంచుకున్నారు. 2007లో పాల్ ప్రీస్ చేసిన ‘డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్’ బ్రౌజర్‌లోనే నడిచేది. ఆఫీసు బల్లే అందులో యుద్ధభూమి. బురుజులతో దారిని ఎంతైనా మెలికలు తిప్పొచ్చు, పూర్తిగా మూయడం కుదరదు.

‘డిఫెన్స్ గ్రిడ్’ ఈ విద్యకు పదును పెట్టింది. బురుజులు పది రకాలు. టెస్లా టవర్ మెరుపు విసురుతుంది. టెంపొరల్ టవర్ శత్రువు నడకను మందగింపజేస్తుంది. ఖర్చుపెట్టకుండా దాచిన వనరులకు వడ్డీ వస్తుంది కాబట్టి ఎక్కడ కట్టాలన్నదే కాదు, ఎప్పుడు కట్టాలన్నదీ లెక్కే. పొరపడితే కాలాన్ని వెనక్కి తిప్పి మరో ఎత్తు వేయొచ్చు.

ఈ లెక్కలకు ప్రాణం పోసింది ఫ్లెచర్. పాత రక్షణ వ్యవస్థతో పాటు నిద్రలేచిన కృత్రిమ మేధ అది. జిమ్ వార్డ్ గొంతులో అది పాత యుద్ధాన్నీ, పోయిన మనుషుల్నీ, రాస్ప్‌బెర్రీల రుచినీ తలుచుకుంటుంది. అందువల్ల మనం కాపాడుతున్న గోళాలు ఒక నాగరికత మిగిల్చిన ఆస్తిగా కనిపిస్తాయి.

2012లో కిక్‌స్టార్టర్ వేదికపై అభిమానులు 2.5 లక్షల డాలర్లకు పైగా చందాలు వేసి ఈ ఆటకు కొత్త అధ్యాయం రప్పించుకున్నారు. 2014లో ‘డిఫెన్స్ గ్రిడ్ 2’ వచ్చింది. ఆటగాళ్ల చేతుల్లో రూపుదిద్దుకున్న ప్రక్రియను ఆటగాళ్లే నిలబెట్టుకున్నారు. వీడియో గేముల చరిత్ర రాసేవారు సంస్థల పేర్ల పక్కన ఈ అభిమానులకూ చోటివ్వాలి.