డోమ్ ప్రజలు: పరిశోధన, సామాజిక ఆరోగ్య సహాయ చరిత్ర

డోమ్‌లు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా దేశాల్లో చెదిరి ఉన్న భారతీయ మూలాల ప్రజలు. సిరియా, లెబనాన్, జోర్డాన్, పాలస్తీనా, ఇరాక్, తుర్కియే, ఈజిప్టులలో వీరి వాడలున్నాయి. వీరి డోమరీ భాష హిందీ, పంజాబీల్లాగే ఇండో-ఆర్య కుటుంబానికి చెందింది. పొరుగు అరబ్బులు వీరిని ‘నవర్’ అని పిలుస్తారు. అది చులకన చేసే మాట. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో డోమ్, డొంబర అనే పేర్లు ఉన్నా, పేరు కలిసినంత మాత్రాన వారికీ వీరికీ బంధుత్వం రుజువైనట్టు కాదు.

వీరిపై పరిశోధన భాషతో మొదలై చాలాకాలం అక్కడే ఆగిపోయింది. జర్మన్ యాత్రికుడు ఉల్రిఖ్ సేట్జెన్ 1806లో పాలస్తీనాలో కొన్ని మాటలు రాసుకున్నాడు. పురావస్తు తవ్వకాల కోసం వచ్చిన ఐర్లండ్ పండితుడు ఆర్.ఎ.ఎస్. మెకాలిస్టర్ పాలస్తీనాలోని సంచార కమ్మరుల భాషకు వ్యాకరణం, కథలు, పదకోశం సమకూర్చగా, అది 1914లో పుస్తకంగా వచ్చింది. యారన్ మట్రాస్ రాసిన డోమరీ వ్యాకరణం 2012లో వెలువడింది. జెరూసలేంలో ఆ భాష ముసలివాళ్ల నోట మాత్రమే మిగిలిన దశను అది పట్టి ఉంచింది. ఇవి విలువైన గ్రంథాలే. కానీ ఆ మాటలు చెప్పినవాళ్లకు జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్తున్నారు, పిల్లలకు టీకాలు పడుతున్నాయా అన్నది దాదాపు వందేళ్లపాటు ఎవరి పరిశోధనాంశమూ కాలేదు.

నిజానికి వైద్యంతో డోమ్‌లకు తరాల సంబంధం ఉంది. సిరియాలో, తుర్కియే ఆగ్నేయ ప్రాంతంలో డోమ్ మగవాళ్లు ఊరూరా తిరిగి పళ్లు పీకేవారు, కట్టుడు పళ్లు అమర్చేవారు. డాక్టరు లేని పల్లెలకు వాళ్లే దిక్కు. పట్టా వైద్యం విస్తరించాక ఆ పని చట్టవిరుద్ధమైంది, బతుకుతెరువు పోయింది. నలుగురి పళ్లూ బాగుచేసిన కుటుంబాలు ఇవాళ ఆసుపత్రి గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు లేక నిలబడాల్సి రావడం నిజంగా బాధాకరం.

ఈ కాగితం సమస్య ఎంత లోతైందో లెబనాన్ చూపుతుంది. 1994 నాటి పౌరసత్వ ఉత్తర్వుతో అక్కడ చాలామంది డోమ్‌లు పౌరులయ్యారు. అందరూ కాలేకపోయారు. ఆ దేశంలో పౌరసత్వం తండ్రి నుంచే వస్తుంది. పెళ్లి నమోదు కాకపోతే, పుట్టుక నమోదు కాకపోతే బిడ్డ ఏ లెక్కలోకీ రాదు. ఆరోగ్య శాఖ భరించే ఆసుపత్రి ఖర్చు పౌరులకే. సామాజిక భద్రతా నిధి జీతగాళ్లకు. చెత్త ఏరుకునేవారికి, రోజుకూలీలకు రెండూ అందవు. తేర్ దేజోమ్ సంస్థ 2011లో లెబనాన్ డోమ్‌ల పేదరికం, చదువు, ఆరోగ్యాలపై అధ్యయనం వెలువరించింది. బీరూట్ శివారు హయ్ అల్ గర్బే వాడలో తహద్ది అనే సంస్థ బడినీ వైద్య కేంద్రాన్నీ కలిపి నడుపుతోంది. తల్లి మందుకు వచ్చే చోటే బిడ్డ చదువు సంగతీ తేలే ఈ ఏర్పాటు, విడివిడి పథకాలకంటే మేలని నా అభిప్రాయం.

జెరూసలేంలో పరిస్థితి వేరు. 1967లో ఇజ్రాయెల్ తూర్పు జెరూసలేంను ఆక్రమించుకున్న తర్వాత అక్కడ మిగిలిన డోమ్‌లకు శాశ్వత నివాస హక్కు, దానితో ఆరోగ్య బీమా దక్కాయి. 1999లో డోమ్ మహిళ అమూన్ స్లీం స్థాపించిన డోమరీ సొసైటీ స్త్రీల ఉపాధిపై, పిల్లల చదువుపై పనిచేస్తోంది. పరిశోధనకు వస్తువుగా మిగిలిన సమాజం తన అవసరాలను తానే చెప్పుకోవడం ఈ చరిత్రలో పెద్ద మలుపు.

2011లో మొదలైన సిరియా యుద్ధం వేలాది డోమ్‌లను తుర్కియేకు తరిమింది. 2014 నాటి తాత్కాలిక రక్షణ నిబంధనల కింద నమోదైనవారికి వైద్యం ఉచితంగా అందేది, కానీ అది నమోదైన రాష్ట్రంలోనే. పంట పనుల వెంట రాష్ట్రాలు దాటే డోమ్ కుటుంబాలకు ఇదే అడ్డుగోడ అయింది. గర్భిణి పరీక్షలు, పిల్లల టీకాలు మధ్యలోనే ఆగిపోయేవి. గాజియాంతెప్‌లోని కిర్కాయక్ కల్చర్ సంస్థ గుడారాల్లోని ఈ జీవితాన్ని నివేదికలుగా, ఛాయాచిత్రాలుగా నమోదు చేసి అధికారుల ముందుంచింది. 2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపం దెబ్బతీసింది కూడా ఈ ప్రాంతాన్నే.

వివక్షకు భయపడి చాలామంది తాము అరబ్బులమనో, కుర్దులమనో, తుర్కుమాన్‌లమనో చెప్పుకుంటారు. అందువల్ల జనాభా అంచనాలు ఒకదానితో ఒకటి పొసగవు. లెక్కకు రానివారికి నిధులూ రావు. డోమ్‌ల ఆరోగ్యానికి నేడు అన్నిటికంటే ముందు కావలసింది పుట్టిన ప్రతి బిడ్డకూ జనన నమోదు.