దాయాది విషాలు

1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను దోచుకొన్న సంగతి ఈ ప్రాంతపు మిత్రులకు గుర్తుండే ఉంటుంది. దోమ చావలేదు గాని మందు డబ్బాలు మాత్రం ఇంటింటికీ చేరినవి. ఆ రోజులలో నా తరగతి పిల్లవాడొకడు, తెల్లవారుజామున తండ్రితో మందు కొట్టి వచ్చి, పద్యం అప్పజెప్పుతూనే కూలబడినాడు. నోట చొంగ, ఒళ్ళంతా చెమట, కనుపాపలు ఆవగింజలంత. వైద్యులు గంటల తరబడి అట్రోపిన్ ఇచ్చి బ్రతికించినారు. "ఏ మందు?" అని వారడిగితే చెప్పగలవాడు లేడు, డబ్బా మీది చీటీ ఎప్పుడో ఊడిపోయినది.

1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయనవేత్త పురుగులమందు కోసం వెదకుతూ టాబున్ను కనుగొన్నాడు. అది సోకి ఆయనకూ, సహాయకునికీ ఇట్లే కనుపాపలు కుంచించుకొనిపోయినవి. సైన్యం దానిని ఆయుధం చేసుకొన్నది. 1938లో సారిన్ పుట్టినది. మన పత్తికి కొట్టిన మోనోక్రోటోఫాస్ వంటి భాస్వర విషాలు వీటి దాయాదులే. బలంలో తేడా అపారం గాని నరాల మీద చేసే పని ఒకటే, విరుగుడూ ఆ అట్రోపినే.

మరి ఒక ఊళ్ళో జనం ఇట్లా కూలిపోతే అది చేనిమందో, యుద్ధవిషమో తేల్చేదెట్లా? అందుకు మాస్ స్పెక్ట్రోమీటరు కావలసివచ్చినది. ('ద్రవ్యరాశి వర్ణపటమాపకం' అని వ్రాయవలెనని పండిత ప్రాణం కొట్టుకొన్నది గాని, చదువరుల మీద దయతలచి మానుకొన్నాను.) 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ మూలకాల కోసం తీర్చిదిద్దిన యంత్రపు సంతతి ఇది. అణువులకు విద్యుదావేశం కలిగించి, ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క బరువు తూస్తుంది. సారిన్‌లో భాస్వరానికి కర్బనం నేరుగా అంటుకొని ఉంటుంది. మోనోక్రోటోఫాస్‌లో నడుమ ఆమ్లజని ఉంటుంది. వానకు సారిన్ విరిగిపోయినా ఆ బంధం మట్టిలో ఏండ్ల తరబడి మిగలగలదు.

1988 ఆగస్టులో ఇరాక్‌లోని బిర్జిన్ని అనే కుర్దుల పల్లె మీద విమానాలు బాంబులు వేసినవి. రసాయనాయుధాల మాట అబద్ధమన్నది ప్రభుత్వం. 1992లో మానవహక్కుల సంఘాలవారు బాంబు గుంటల మట్టిని సేకరించి బ్రిటనులోని పోర్టన్ డౌన్ ప్రయోగశాలకు చేర్చినారు. నాలుగేండ్ల వానలు కురిసిన ఆ మట్టిలో యంత్రం సారిన్ ఆనవాలు పట్టుకొన్నది. బ్రతికిబయటపడినవారి మాటకు అప్పటికి గాని అటువంటి ఆధారం దొరకలేదు.

1997 ఏప్రిల్ 29న రసాయనాయుధ నిషేధ ఒడంబడిక అమలులోనికి వచ్చినది. హేగులోని సంస్థ ప్రయోగశాలలకు గుప్తనమూనాలు పంపి పరీక్ష పెడుతుంది. 15 దినాల గడువు. ఉన్నదానిని పట్టుకోవాలి, లేనిది ఉన్నదన్నారా, తప్పినట్లే. (మా పరీక్షలకు ఇంత కట్టుదిట్టం ఉంటే ఎందరు ఉత్తీర్ణులయ్యేవారో!) మన హైదరాబాదులో 1944లో మొదలై, 1989 నుండి భారత రసాయన సాంకేతిక సంస్థగా పిలువబడుతున్న చోటివారు కూడ ఈ పరీక్షలకు కూర్చున్నారు.

నా శిష్యుడు ఇప్పుడు మిరప పండిస్తున్నాడు. ఎగుమతి కాయలో మందు అవశేషమెంతో ఈ జాతి యంత్రమే తూస్తున్నది. మొన్న కలిసి, ఆ కాగితం చూపి, "మాస్టారూ, ఆ రోజు నా చొక్కా ఈ మిషన్లో పెట్టి ఉంటే ఏ మందో తెలిసిపోయేది గదండీ" అన్నాడు. ఆ చొక్కాను వాళ్ళమ్మ ఆ సాయంత్రమే కాలువలో ఉతికి ఆరవేసినది.