సంబారములలోని చమురు

భోజనమున క్రొవ్వు ఎచ్చటనుండి వచ్చునని యడిగినచో నేతినుండి యనియు, నూనెనుండి యనియు ఎల్లరును చెప్పుదురు. మిరప, ధనియము, ఆవ, జీలకఱ్ఱ అను సంబారముల పేరు ఎవరును తలంపరు. కాని దేశముల యాహారపు లెక్క వ్రాయువారు వీనికిని ఒక పంక్తి నుంచినారు. 1945లో వెలసిన ఆహార వ్యవసాయ సంస్థవారి పట్టికలు 1961వ సంవత్సరము మొదలుకొని మనకు లభించుచున్నవి. పండినదానికి దిగుమతిని కలిపి, ఎగుమతియు విత్తనమును నష్టమును తీసివేసి, మిగిలినదానిని జనసంఖ్యచే భాగించుట వారి పద్ధతి. అందు సంబారములవలన మనిషికి దినమున కెంత క్రొవ్వు చేకూరునో వేరుగ చూపబడును. ఆ యంకె మిక్కిలి చిన్నది. అయినను దానిని కొలబద్దగా నుంచుకొన్నచో మన వంటయింటి చరిత్ర తెలియవచ్చును.

1918లో కూనూరున ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమువారు గింజగింజను పరీక్షించి పట్టికలు కూర్చిరి. వాని ననుసరించి నూరు పాళ్ల ఆవాలలో సుమారు 40, ధనియాలలో 16, జీలకఱ్ఱలో 15, ఎండుమిరపలో 6, పసుపులో 5 పాళ్లు క్రొవ్వు కలదు. ఒక మనిషి దినమునకు 5 గ్రాముల మిరప, 4 గ్రాముల ధనియాలు, ఒక్కొక్క గ్రాము చొప్పున ఆవాలు, జీలకఱ్ఱ, పసుపు వాడెననుకొందము. మొత్తము తూకము ఇంచుమించు ఒక తులము. అందలి క్రొవ్వు ఒకటిన్నర గ్రాము. ఈ యొకటిన్నర గ్రామును జ్ఞాపకమున నుంచుకొనుడు.

ఇక పూర్వకాలమునకు పోదము. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదయందు ఆయా ఋతువుల భోజనమును వర్ణించినాడు. అందు మిరియపు పొడియు, ముక్కునకెక్కు ఆవపచ్చడియు కలవు, మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి యోడలతో మన రేవులకు వచ్చి, పిమ్మట పల్లెలకు ప్రాకినది. మిరియము కొనవలసిన సరకు. మిరప పెరటిలో పండునది. కావున బీదవాని సంగటిముద్దకు కారము చౌకగా దొరకినది.

కురబలకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు వానను నమ్ముకొన్న మెట్టభూములు. రాగిసంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు ఇచ్చటి భోజనము. మన పెద్దలు నువ్వుల నూనెనే మంచినూనె యనిరి. ఎద్దుగానుగలో ఆడించిన యా నూనెను గరిటెతో గాక చుక్కలతో లెక్కించి వాడిన యిండ్లనేకములు. ఆ లోటును పూడ్చినది తిరగవాత. మిరప కారమును, దాని యెఱ్ఱదనమును, పసుపు రంగును నూనెలో కరగినట్లు నీట కరగవు. చెంచాడు నూనెలో ఆవాలు చిటపటలాడించి, మిరప త్రుంచి వేసినచో ఆ సారమంతయు నూనె కెక్కి కుండెడు పప్పునకు ప్రాకును. కొంచెము నూనెచే ఎక్కువ రుచి పుట్టించు నుపాయమిది. ఇది పొదుపు నేర్పిన శాస్త్రము.

తరువాత వేరుశనగ వచ్చినది. ఇదియు దక్షిణ అమెరికా పంటయే. పందొమ్మిదవ శతాబ్దియందు దక్షిణ ఆర్కాటు సీమలో విరివిగా పండి, పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సు దేశమున మార్సెయిల్సు మిల్లులకు ఓడలెక్కినది. క్రమముగా రాయలసీమ మెట్టలకు వ్యాపించి, రైతునకు రొక్కము తెచ్చు పైరైనది. మదనపల్లె తాలూకా 1911లో కడప జిల్లానుండి విడిపోయి చిత్తూరు జిల్లాలో చేరినది. ఆ జిల్లాకు వేరుశనగయే పెద్ద పంట యైనది. చెనిక్కాయ పచ్చడి, చెనిక్కాయ పొడి సంగటికి తోడైనవి. గింజను గింజగా తిన్నంతకాలము క్రొవ్వుతోపాటు మాంసకృత్తులును లోనికి పోయెడివి. మిల్లు వచ్చి నూనెను వేరుచేసినది. పిండి పశువులకు పోయినది.

ఇప్పుడు రెండు అంకెలు వినుడు. 1950–51లో మన దేశమున మనిషికి ఏటికి లభించిన వంటనూనె ఇంచుమించు 3 కిలోలు, అనగా దినమునకు 8 గ్రాములు. ఇటీవలి సంవత్సరములలో అది 19 కిలోలు, అనగా దినమునకు 52 గ్రాములు. ఒకే పోపులపెట్టెను ఈ రెండు కాలములందును ఉంచి చూడుడు. అందలి ఒకటిన్నర గ్రాము, నాడు నూనెలో అయిదవ వంతునకు సమానము. నేడు ముప్పదియైదవ వంతునకు మాత్రమే. సంబారము తగ్గలేదు; నూనె పొంగినది. 1994లో తాటిజాతి చెట్టుయొక్క నూనె, పామాయిలు, దిగుమతికి కట్టుబాట్లు సడలినవి. నేడు దేశము వాడు నూనెలో సగమునకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది. వేరుశనగ పండించు రైతింటికి సైతము సంచులలోని పరదేశపు నూనె చేరినది.

సగటు లెక్కను మాత్రము జాగ్రత్తగా చదువవలెను. నూనె చాలని యిల్లును, మితిమీరిన యిల్లును అందు కలిసిపోవును. ఎదుగు పిల్లలకు క్రొవ్వు కావలెను. ఆకుకూరలలోని ఏ విటమినునకు మూలమైన వర్ణద్రవ్యము వంటబట్టుటకును కొంచెము నూనె యవసరము. కావున బీదయింట నూనె పెరుగుట శుభమే. కాని కష్టము తగ్గి, కూర్చుండుట హెచ్చిన యింట మితిమీరిన నూనె స్థూలకాయమునకును, దానివెంట వచ్చు మధుమేహ హృద్రోగములకును త్రోవ తీయును.

పెద్దలారా! మనుమలకు ఆస్తి నిచ్చుట అందఱకు సాధ్యము కాదు. చెంచాడు నూనెతో కుండెడు కూరకు రుచి తెచ్చు విద్యను ఇచ్చుట ప్రతి యింటికిని సాధ్యము. నెలకు ఇంట ఎంత నూనె ఖర్చగుచున్నదో, దానిని ఎందఱు తినుచున్నారో ఒక్కమారు లెక్కవేసి చూడుడు. దేశపు లెక్క అచ్చటనే మొదలగును.