ఫ్లానరీ ఓకానర్ – ఆమె పాఠకులు

దక్షిణాది రచయిత్రి అనగానే మన పాఠకులకు తంజావూరు కొలువున కావ్యము చెప్పిన రంగాజమ్మ స్ఫురించుట సహజము. మేమిక్కడ ప్రస్తావింపబోవు దక్షిణము వేరు. అది అమెరికా దేశపు దక్షిణము. 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధములో ఓడి, బానిసత్వమును విధిలేక వదలుకొని, ఆ పిమ్మట నూరేండ్ల వరకును పాత పెద్దరికమును వదలుకొనలేకపోయిన ప్రాంతమది. అక్కడి జార్జియా రాష్ట్రమున పుట్టిన ఫ్లానరీ ఓకానర్ వ్రాసినవి రెండు నవలలు, ముప్పదికి పైగా కథలు. ఇంత కొద్దిపాటి రచనను గూర్చి డెబ్బది యేండ్లుగా పాఠకులు వాదులాడుకొనుచునే యున్నారు. తమను గూర్చి వ్రాసిన దానిని ఒక ప్రాంతమువారు ఎట్లు చదువుకొందురో ఆ వాదముల చరిత్రలో కనిపించును. కాబట్టి ఆ చరిత్రను మన ఉగాది సంచికలో కొంత ముచ్చటింపదలచినాము.

ఓకానర్ 1925 మార్చి 25వ తేదీన సవానా రేవుపట్టణమున ఐరిష్ సంతతికి చెందిన కేథలిక్కు కుటుంబములో జన్మించినది. చుట్టుప్రక్కల నున్నవారిలో అధికులు ప్రొటెస్టెంటులు. ఆమెకు పదునైదవ యేట తండ్రి లూపస్ అను వ్యాధితో మరణించినాడు. అయోవా విశ్వవిద్యాలయములో రచనాశిక్షణ పొంది 1947లో పట్టా పుచ్చుకొన్న ఆమె, సొంత ఊరికి దూరముగా ఉండియే రచయిత్రి కావలెనని తలచినది. 1950 చివర తండ్రి వ్యాధియే ఆమెకును సోకినట్లు కనబడుటతో ఆ తలపు చెదిరినది. తల్లివద్దకు మిల్లెడ్జివిల్ చేరి, ఊరి వెలుపల ఆండలూసియా అను పాడిపశువుల క్షేత్రములో కర్రల సాయముతో నడచుచు శేషజీవితము గడపినది. ఉదయము వ్రాత, తక్కిన పొద్దు పక్షుల పోషణ. ఆమె ముచ్చటపడి పెంచినవి నెమళ్లు. 1963లో మన ప్రభుత్వము జాతీయపక్షిగా ఎన్నుకొన్న ఆ నెమలియే జార్జియా పల్లెలో ఆమె వాకిట పురివిప్పినది. 1964 ఆగస్టు 3వ తేదీన ముప్పది తొమ్మిదవ యేట ఆమె కన్నుమూసినది.

ఆమె మొదటి నవల ‘వైజ్ బ్లడ్’ 1952లో వెలువడినది. క్రీస్తు లేని చర్చిని స్థాపించెదనని కారు పైకెక్కి ఉపన్యాసములిచ్చిన ఒక యువకుడు, తుదకు సున్నముతో తన కన్నులు తానే పోగొట్టుకొనుట అందలి కథ. 1955లో వచ్చిన కథల సంపుటికి ‘మంచివాడు దొరకుట దుర్లభము’ అను అర్థము వచ్చు పేరు పెట్టినది. ఆ పేరుగల కథలో, కారులో విహారమునకు బయలుదేరిన ఒక కుటుంబమంతయు జైలు తప్పించుకొని వచ్చిన హంతకుని చేతిలో హతమగును. మరియొక కథలో బైబిళ్లు అమ్ముకొనువాడొకడు, బాగా చదువుకొన్న ఒక స్త్రీని నమ్మించి, ఆమె కొయ్యకాలును దొంగిలించుకొని పోవును. ఇంత ఘోరములోను ప్రతి పుటయందును నవ్వు పుట్టించు సంభాషణ లున్నవి. నవ్వవలెనో జడియవలెనో పాఠకునికి తోచదు.

ఆనాటి పాఠకులు కలవరపడినారన్న ఆశ్చర్యమేమి? వైజ్ బ్లడ్‌ను మొదట ప్రచురింపదలచిన సంస్థవారు దానిని మార్చి వ్రాయుమనగా ఆమె అంగీకరింపక వేరొక సంస్థకు ఇచ్చినది. కన్నతల్లి సైతము, మంచివారిని గూర్చి వ్రాయునట్లు మీరైనను మా అమ్మాయికి చెప్పరాదా యని ప్రచురణకర్తను అడిగినదట. నాస్తికులు ఆమెను మతమును వెక్కిరించు రచయిత్రిగా భావించి మెచ్చుకొన్నారు. మతవిశ్వాసము కలవారు అదే కారణమున నొచ్చుకొన్నారు. నిజమునకు ఆమె మిక్కిలి నిష్ఠగల కేథలిక్కు. మెచ్చినవారును నొచ్చినవారును ఒకే పొరపాటు చేసినారు. 1960లో రెండవ నవల వచ్చినప్పుడు ఒక ప్రసిద్ధ వారపత్రిక ఆమె వ్యాధిని ప్రస్తావింపగా, సాహిత్య విమర్శలో తన జబ్బుకు పనియేమని ఆమె బాధపడినది. రచనలోని చీకటికి రచయిత్రి రోగమే కారణమనుట సులువైన వివరణమే కాని సరియైనది కాదు. మొదటి నవల మొదలుపెట్టి కొంత ప్రచురించు నాటికి ఆమెకు ఆ రోగము లేదు.

ఆమె స్వయముగా ఉపన్యాసములలో చెప్పుకొన్న ముచ్చట యొకటి కలదు. కాలిఫోర్నియానుండి ఒక వృద్ధురాలు ఉత్తరము వ్రాసినదట. పగలెల్ల పాటుపడి ఇల్లు చేరిన పాఠకుడు మనస్సును తేలికపరచు పుస్తకమును కోరుననియు, మీ రచన చదివి తన మనస్సు తేలికపడలేదనియు దాని సారాంశము. ఓకానర్ ఆ మాటను కొట్టివేయలేదు. మనస్సును పైకెత్తు కథ కావలెననుట న్యాయమే. అయితే పైకి లేవవలెనన్న మొదట పడిపోయినామన్న సంగతి తెలియవలె ననునది ఆమె వాదము. పాత్రలంత వికృతముగా నుండనేల అని అడిగినవారికి, చెవిటివానితో గట్టిగా అరచి చెప్పవలెను, చూపు మందగించినవానికి పెద్ద పెద్ద బొమ్మలు గీసి చూపవలెను అని సమాధానము చెప్పినది.

పండితులును తక్కువవారు కారు. ఒక కళాశాలలో ఒక అధ్యాపకుడు ఆ హంతకుని నల్లటోపీకి అంతరార్థమేమని అడుగగా, తల కప్పుకొనుటకే అని ఆమె బదులు పలికినది. 1961లో ఒక ఇంగ్లీషు ఆచార్యుడు, ఆ హత్యలన్నియు ఒక పాత్ర కన్న కల యని తన విద్యార్థులతో కలిసి నిర్ణయించి జాబు వ్రాసినాడు. ఆమె నివ్వెరపోయి, కథను లెక్కచిక్కువలె విప్పబూనినచో అందలి ప్రాణము పోవునని బదులు వ్రాసినది.

ఇట్టి గొడవల నడుమ 1955లో అట్లాంటా నగరమునుండి ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసిన ఆమె పండితురాలు కాదు, ఒక కార్యాలయములో గుమాస్తా. ఈ కథలు దేవుని వెదకు కథలని ఆమె గ్రహించినది. తన ఉద్దేశమును గుర్తించిన మనిషి దొరికినదని ఓకానర్ ఎంతో సంతోషించి, చనిపోవువరకును తొమ్మిదేండ్లు ఆమెతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపినది. 1979లో ప్రకటింపబడిన లేఖల సంపుటములో ఆ స్నేహితురాలి పేరు లేదు, ఒక్క అక్షరము మాత్రమే యున్నది. రచనను సరిగా చదివినవారు ఒక్కరున్నను చాలునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

మరణానంతరము కీర్తి పెరిగినది. 1971లో వెలువడిన సమగ్ర కథాసంపుటికి 1972లో నేషనల్ బుక్ అవార్డు లభించినది. 2009లో, అంతవరకు ఆ బహుమానము పొందిన కల్పనాసాహిత్య గ్రంథములలో ఉత్తమమైనది ఏదని పాఠకుల ఓట్లు తీసికొనగా ఈ సంపుటమే గెలిచినది. ఒకప్పుడు భయపడి మూసివేసిన పుస్తకమును మరియొక తరము తలకెత్తుకొన్నది.

అంతటితో కథ ముగియలేదు. లేఖలలో నల్లజాతివారిని గూర్చి ఆమె వ్రాసిన చులకనమాటలు పాఠకుల కంటబడినవి. 1959లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌ను జార్జియాలో కలిసికొనుటకు ఆమె నిరాకరించినది. న్యూయార్కులో అయినచో సరే గాని, తానుండు చోటి కట్టుబాటును దాటలేననినది. 2020లో ఈ చర్చ తీవ్రమై, మేరీలాండులోని లొయోలా విశ్వవిద్యాలయమువారు ఒక విద్యార్థి వసతిగృహమునకు పెట్టిన ఆమె పేరును తొలగించినారు. తొలగింపవలదని కోరిన రచయితలలో ఆలిస్ వాకర్ ఒకరు.

ఈ వాకర్ చదువరితనము మనము తెలిసికొనదగినది. ఆమె నల్లజాతి రచయిత్రి. 1952లో ఆమె కుటుంబము ఆండలూసియాకు కూతవేటు దూరములోనే కాపురముండినది. కళాశాలలో ఓకానర్‌ను ఆబగా చదివినది. తన జాతి స్త్రీల రచనలను ఎవరును తనకు పాఠము చెప్పలేదని గ్రహించిననాడు కోపముతో ఆ పుస్తకములను ప్రక్కన పెట్టినది. తరువాత మరల తీసినది. 1975లో ప్రకటించిన వ్యాసములో, తల్లితో కలిసి ఆ రెండిండ్లను చూడబోయిన సంగతి చెప్పినది. తాముండిన ఇల్లు శిథిలమైనది. ఓకానర్ ఇల్లు కాపలాతో భద్రముగా నున్నది. ఆ అన్యాయమును మరువక, రచనలోని గొప్పతనమును కాదనక వ్రాసినదామె. రచయిత్రి దోషమును కప్పిపుచ్చుట ఒక తప్పు, దోషమున్నదని గ్రంథమును పారవేయుట మరియొక తప్పు.

దోషము తనలోను కలదని ఓకానర్‌కు తెలియకపోలేదేమో అనిపించు కథ ‘రెవలేషన్’. అది ఆమె చివరి యేట, 1964లో, వెలువడినది. అందలి గృహిణి రాత్రి నిద్రపట్టనప్పుడు మనుష్యులను మెట్లు మెట్లుగా పేర్చుకొనును: అడుగున ఫలానావారు, వారిపై ఫలానావారు, తానెక్కడ? కథ చివర ఆమెకు స్వర్గమునకు పోవు ఊరేగింపు కనబడును. తాను అడుగున పెట్టినవారు ముందు నడుచుచుందురు, తనవంటివారు వెనుక. ఈ మెట్ల లెక్క మనకు తెలియనిదా?

మన సంఘ కుటుంబములవారు ముందు చదువదగినది ‘ది డిస్ప్లేస్డ్ పర్సన్’, అనగా నెలవు తప్పినవాడు. పోలండునుండి వచ్చిన ఒక కాందిశీకుడు జార్జియాలోని ఒక పొలమున పనికి చేరును. యంత్రములన్నియు తెలిసినవాడు, కష్టజీవి. యజమానురాలు మొదట మురిసిపోవును. స్థానికుల మాటలు వినగా వినగా, అతడు తమ కట్టుబాటును కలవరపరచుచున్నాడని ఆమెకును తోచును. తుదకు ట్రాక్టరు అతనిపైకి దొర్లివచ్చునపుడు చూచుచున్న ముగ్గురిలో ఒక్కరును కేక వేయరు.

పరాయిచోట కాలూనిన పెద్దల సంతతి మనము. ఆ కథ చదువునపుడు మన గుండె ఆ కాందిశీకుని వైపే మొగ్గును. కాని మన వీధికి నిన్న వచ్చిన కొత్త కుటుంబమునకు మనమే స్థానికులము. కేక వేయవలసిన క్షణమున మనము వేయుదుమా అని ఆ కథ అడుగుచున్నది. పండుగనాడు ఇంత చేదుమాట యేల అందురేమో. వేపపూవు వేయక పచ్చడి కలుపువారు మనలో లేరు.